గుర్రం చచ్చింది, ఇక దిగి నడవడమే: ఒక కాంటనీస్ సామెత గురించి

మీరు రాసింది చదవగానే నవ్వొచ్చింది. 2008 చివర్లో నేనూ ఇదే మాట విని ఇలాగే తెల్లమొహం వేశాను. హాంకాంగ్ వచ్చి ఎనిమిది నెలలే అయిందన్నారు. ఏడాదిగా నడుస్తున్న ప్రాజెక్టు రద్దయిన రోజున పక్క కుర్చీలో ఆవిడ చిన్నగా నవ్వి, ఇక్కడివాళ్ళు మాట్లాడే కాంటనీస్‌లో "మా సెయ్ లోక్ తెయ్ హాఙ్" అన్నదనీ, ఫోనులో వెతికితే "గుర్రం చనిపోయింది, నేల మీద నడవండి" అని వచ్చిందనీ రాశారు. ఆవిడ మిమ్మల్ని ఎత్తిపొడిచిందా, ఓదార్చిందా అన్నది మీ మొదటి సందేహం. అదే దెబ్బకు ఉద్యోగం పోయి వెళ్ళిపోతున్న సహోద్యోగికి ఇచ్చే కార్డు మీద ఈ సామెత రాయవచ్చా అన్నది రెండోది.

ఎత్తిపొడవలేదు. తనను కూడా కలుపుకొనే అన్నది. కార్డు మీద మాత్రం రాయకండి. ఎందుకో చెప్పడానికి కొంచెం చుట్టు తిరగాలి, ఓపిక పట్టండి.

ముందు మాటలు చూద్దాం. ఐదు అక్షరాలు, ఐదు పదాలు: మా అంటే గుర్రం, సెయ్ అంటే చావడం, లోక్ అంటే దిగడం, తెయ్ అంటే నేల, హాఙ్ అంటే నడవడం. కర్త లేదు, కాలం లేదు, "అయితే", "కాబట్టి" లాంటివి అసలే లేవు. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్ళు ఇక్కడ కాస్త తడబడతారు. మనకు ఆ ఇబ్బంది లేదు. "వచ్చి కూర్చుని తిని వెళ్ళు" అని క్రియలను దండలా గుచ్చడం మనకు పుట్టుకతో వచ్చిన విద్య. "గుర్రం చస్తే దిగి నడవడమే" అనుకోండి, దాదాపు సరిపోతుంది.

లోక్ అనే మాట మీరు ఇప్పటికే వంద సార్లు విని ఉంటారు. మినీబస్సులో ఎవరైనా దిగాలంటే డ్రైవరుకు వినబడేలా "యవ్ లోక్" అని అరుస్తారు కదా, దిగేవాళ్ళున్నారు అని. ఆ లోక్ ఇదే. వాన పడటం లోక్, మెట్లు దిగడం లోక్, బస్సు దిగడం లోక్. సామెతలో గుర్రం దిగడమూ అదే. గంభీరమైన గ్రంథభాష కాదని, వీధిలో వాడే మాట అని గుర్తుంచుకుంటే చాలు, సగం అర్థమైనట్టే.

హాఙ్ సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. ఈ మాటకు రాసే అక్షరాన్నే చైనా అధికారభాష మాండరిన్‌లో షింగ్ అని చదువుతారు. కానీ నిత్యవ్యవహారంలో నడకకు వాళ్ళు వాడేది వేరే మాట, చౌ. ఆ చౌ అక్షరాన్నే కాంటనీస్‌లో చవ్ అంటారు, దానికి అర్థం పరుగెత్తడం, వెళ్ళిపోవడం. ప్రాచీన చైనీస్‌లో కూడా హాఙ్ అక్షరానికి అర్థం నడక, చౌ అక్షరానికి పరుగు. అంటే పాత అర్థాన్ని దాచుకున్నది దక్షిణాది కాంటనీసే. ఆదివారం కొండలెక్కడానికి వెళ్ళడాన్ని ఇక్కడ "హాఙ్ సాన్" అంటారు, ఆ హాఙ్ కూడా ఇదే. ఇదే అక్షరానికి హఙ్ అని పొట్టి అచ్చుతో ఇంకో చదువు ఉంది, అది పుస్తకాల మాటలకు. సామెతలో దీర్ఘమే పలకాలి.

ఇప్పుడు ఉచ్చారణ. ఇక్కడ నిజంగానే ప్రమాదం ఉంది. హాంకాంగ్ భాషాశాస్త్ర సంఘం 1993లో తయారుచేసిన యూత్‌ఫిఙ్ అనే రోమన్ లిపి పద్ధతిలో ప్రతి అక్షరం చివర 1 నుంచి 6 వరకు ఒక స్వరసంఖ్య రాస్తారు. స్వరమంటే ఇక్కడ అచ్చు కాదు, గొంతు ఎత్తు; అది మారితే మాటే మారిపోతుంది. మన సామెతకు ఆ అంకెలు 5, 2, 6, 6, 4. మొదటి మాట కింది నుంచి కొద్దిగా లేస్తుంది, రెండోది బాగా పైకి లేస్తుంది, మూడూ నాలుగూ కిందిస్థాయిలో చదునుగా సాగుతాయి, చివరిది అడుక్కి జారుతుంది. గుర్రం ఎక్కి, కొంతదూరం పోయి, దిగిపోయినట్టే ఉంటుంది ఆ పలుకు. ఇది ఎవరూ కావాలని చేసింది కాదు, కానీ నాకు గుర్తుండిపోవడానికి ఇదే పనికొచ్చింది.

మొదటి మాటను పైస్థాయిలో చదునుగా, అంటే ఒకటో స్వరంలో పలికారనుకోండి, అది గుర్రం కాదు, అమ్మ. నేను మొదటిసారి ఈ సామెతను నలుగురిలో ధీమాగా వాడింది మధ్యాహ్న భోజనం దగ్గర. బల్ల చుట్టూ నిశ్శబ్దం. మా ఆఫీసు పెద్దాయన చాప్‌స్టిక్స్ కింద పెట్టి, చాలా మెల్లగా, "ఎవరి అమ్మ?" అని అడిగారు. ఆ రోజు నుంచి మొదటి మాటను కిందే మొదలుపెట్టడం నాకు అలవాటైపోయింది.

మిగతాది మనకు సులువు. రోమన్ లిపిలో "డి" అని రాసి ఉన్నా అది మన ద కాదు, డ కాదు, త. "టి" అని రాస్తే థ. అల్పప్రాణం, మహాప్రాణం తేడా చిన్నప్పుడు పలక మీద దిద్దినవాళ్ళం కాబట్టి, చెవి దాన్ని వెంటనే పట్టుకుంటుంది. వర్ణమాలలో ఏ పనీ లేకుండా కూర్చున్న ఙ అక్షరానికి కూడా ఈ ఊళ్ళో పూర్తికాలపు ఉద్యోగం దొరుకుతుంది. మనం తప్పేది ఒక్కచోట: లోక్ చివర. మనది అజంత భాష. బస్సు, కారు, ఫోను అని ప్రతిదానికీ ఉకారం తగిలిస్తే తప్ప నాలుకకు నెమ్మది ఉండదు, అందుకే "లోకు" అనేస్తాం. ఆ క్ నోట్లోనే ఆగిపోవాలి, బయటికి రాకూడదు.

ఇక అర్థం. నిఘంటువుల్లోనూ అనువాదాల్లోనూ దీన్ని పట్టుదల గురించిన సామెతల వరుసలో పెడతారు. తప్పు కాదు, కానీ మన పట్టుదల అనే మాటలోనే పట్టుకోవడం ఉంది. పట్టు పట్టరాదు, పట్టి విడువరాదు అంటాడు వేమన. ఈ సామెత మొదలయ్యేదే విడవడంతో. గుర్రం చచ్చింది, దాన్ని వదిలేయి. ప్రయాణాన్ని మాత్రం వదలకు. ఏది వదలాలో, ఏది వదలకూడదో వేరు చేయడమే ఇందులోని కిటుకు. "నారు పోసినవాడు నీరు పోయడా" అని మనం ఒకరినొకరం ఓదార్చుకుంటాం చూడండి, దానికి ఇది పూర్తిగా అవతలి ఒడ్డు. నీరు పోయడానికి ఎవరూ రారు, కాళ్ళున్నాయి కదా, నడు అంటుంది. వినడానికి కటువుగా ఉన్నా, ఇక్కడివాళ్ళు దీన్ని కటువుగా అనరు.

ఇంకో సూక్ష్మం ఉంది. చచ్చింది గుర్రం కాబట్టి, నిన్నటిదాకా నీకు గుర్రం ఉండేదన్నమాట. "దక్షిణాన పడవ, ఉత్తరాన గుర్రం" అని చైనాలో పాత మాట ఒకటుంది. కాంటనీస్ నేల ముత్యాల నది పాయల మధ్యది, పడవల దేశం. అక్కడ గుర్రమెక్కినవాడంటే కాస్త ఉన్నవాడే అయి ఉండాలని నా ఊహ. మొదటి నుంచీ కాలినడకన పోతున్నవాడికి ఈ సామెత అతకదు. ఏదో ఒక ఆసరా ఉండి, అది హఠాత్తుగా పోయినవాడిది ఇది: ఉద్యోగం, భాగస్వామి, పెట్టుబడి, ఒప్పందం, వెనక నిలబడ్డ మామగారు, ఏదైనా సరే.

హాంకాంగ్‌కు ఇది ఇంత దగ్గరగా ఎందుకు ఉందో ఊరి చరిత్ర చూస్తే తెలుస్తుంది. 1980ల మొదట్లో ఇక్కడ పనిచేసేవారిలో పదిమందికి నలుగురు ఫ్యాక్టరీల్లో ఉండేవారు. బట్టలు, బొమ్మలు, గడియారాలు, ప్లాస్టిక్ పూలు. 1980లో పక్కనే షెన్‌జెన్ ప్రత్యేక ఆర్థిక మండలి అయింది. భూమి చవక, కూలి చవక. పదిహేనేళ్ళలో మిషన్లు చాలామటుకు సరిహద్దు దాటిపోయాయి. ఇరవై ఏళ్ళు కుట్టుమిషన్ తొక్కిన ఆడవాళ్ళు నలభై ఐదేళ్ళ వయసులో కొత్త పని వెతుక్కోవాల్సి వచ్చింది. వాళ్ళకు వేరే పనులు నేర్పడానికి ప్రభుత్వం 1992లో ప్రత్యేకంగా ఒక బోర్డునే పెట్టింది. ఆ తరంలో చాలామంది హోటళ్ళలో, ఆఫీసుల శుభ్రతలో, వృద్ధాశ్రమాల్లో తేలారు.

నేను పనిచేసేది దుస్తుల వ్యాపారంలో, కాబట్టి నాకు దగ్గరగా తెలిసిన గుర్రం ఇంకొకటి. 1974 నుంచి సంపన్న దేశాలు ఏ దేశం నుంచి ఎన్ని దుస్తులు రావాలో కోటాలు పెట్టి కట్టడి చేసేవి. హాంకాంగ్‌లో ఆ కోటాలను ఒక కంపెనీ ఇంకో కంపెనీకి అమ్ముకోవచ్చు, అద్దెకు ఇచ్చుకోవచ్చు. కుట్టడం మానేసి, చేతిలో ఉన్న కోటా మీదే బతికినవాళ్ళున్నారు. 2005 జనవరి 1న ఆ పద్ధతి ముగిసింది. పైన చెప్పిన పెద్దాయన అలాంటి కోటా దళారీ. అందరూ సిఫూ అని పిలిచేవారు, చేయి తిరిగిన పనివాడిని ఇక్కడ అలాగే పిలుస్తారు. ఇరవై ఏళ్ళ వ్యాపారం ఒక్క రాత్రిలో చిత్తుకాగితమైంది. యాభై దాటాక ఆయన కుర్రవాళ్ళ పక్కన నిలబడి బట్ట నాణ్యత చూడటం నేర్చుకున్నారు, అలా మా ఆఫీసుకొచ్చారు.

2008లో అమెరికా బ్యాంకులు కూలినప్పుడు మా ఆర్డర్లు ఒకదాని వెంట ఒకటి రద్దయ్యాయి. నేను ఫోను పట్టుకుని కొనుగోలుదారును బతిమాలుతున్నాను. సిఫూ కాసేపు చూసి, ఆ ఐదు మాటలు అని, బూట్ల తాళ్ళు బిగించుకుని, మిగిలిపోయిన బట్ట చుట్టల నమూనాలు సంచిలో వేసుకుని షామ్ షుయ్ పో బట్టల బజారుకు బయలుదేరారు. చిల్లర దర్జీలకు గజాల లెక్కన అమ్మడానికి. నెల తిరిగేసరికి జీతాలకు సరిపడా రాలేదు కానీ, గోదాము అద్దె వచ్చింది. ఈ సామెత అర్థం నాకు నిఘంటువులో కాదు, ఆ బూట్ల తాళ్ళ దగ్గర తెలిసింది. దీన్ని కుర్చీలోంచి లేస్తూ అంటారు. కూర్చుని నిట్టూర్చడానికి ఇది పనికిరాదు.

మీకు గందరగోళం కలిగించే చుట్టాలు దీనికి కొందరున్నారు. చచ్చిన గుర్రం ఇంకొకటి ఉంది: "సెయ్ మా తోఙ్ వుత్ మా యీ", చచ్చిన గుర్రానికి బతికే ఉందనుకుని వైద్యం చేయడం. ఆశ లేకపోయినా చివరి ప్రయత్నం చేద్దాం అనే అర్థం. ఇది చైనా అంతటా వాడతారు. రెండూ కలిసిపోతే పెద్ద చిక్కు, ఎందుకంటే ఒకటి వైద్యం చేయమంటుంది, ఇంకొకటి వదిలి నడవమంటుంది. ప్రాజెక్టును కాపాడటానికి రేపు పైవాళ్ళతో మళ్ళీ మాట్లాడదాం అని మీ బృందం అనుకుంటుంటే పనికొచ్చేది వైద్యం గుర్రం. అప్పుడు నడక గుర్రాన్ని తెచ్చారంటే మీరు చేతులెత్తేశారనుకుంటారు. ఇక "ఖె ఙవ్ వన్ మా" అంటే ఎద్దునెక్కి గుర్రాన్ని వెతకడం, చేతిలో ఉద్యోగం ఉండగానే మంచిదాని కోసం చూడటం. ఇది మేనేజరు ముందు అనకండి, వేరే చెప్పనక్కరలేదు.

బరువు మోస్తూ ఓర్చుకోవడానికి అసలు మాట వేరే ఉంది: "తిఙ్ ఙాఙ్ సోఙ్". నెత్తితో ఆనించి, గట్టిగా, పైకి అన్నట్టు. రేవుల్లో కూలీలు బరువులెత్తుతూ పాడుకున్న మాట. మకావ్‌లో 1905లో పుట్టిన స్వరకర్త షియాన్ షింగ్‌హాయ్ 1930లలో దీన్ని పాటగా కట్టాడు. గుర్రం బతికే ఉంది, దారి ఎగుడుగా ఉంది, అలాంటప్పుడు ఇది. పరీక్షల ముందు పిల్లలకు, గడువు దగ్గరపడ్డ బృందానికి నిస్సంకోచంగా చెప్పవచ్చు. ఇనుప రోకలిని అరగదీసి సూది చేస్తున్న ముసలమ్మను చూసి కవి లీ బాయ్ చిన్నతనంలో బుద్ధి తెచ్చుకున్నాడనే కథ నుంచి వచ్చిన సామెత కూడా పట్టుదలదే, కానీ అది బడి గోడల మీద రాసేది. పెద్దవాళ్ళతో అంటే పాఠం చెప్పినట్టుంటుంది. మన "తినగ తినగ వేము" లాంటిదే.

కొంచెం పక్కదారి పడుతున్నాను, అయినా ఇది చెప్పకుండా ఉండలేను. "సిక్ తక్ హామ్ యూ తయ్ తక్ హోత్": ఉప్పుచేప తినగలిగినవాడు దాహానికీ ఓర్చుకోవాలి. మన "ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగక తప్పదు" గుర్తొచ్చిందా? నాకూ అదే గుర్తొచ్చి ఎగిరి గంతేశాను. కానీ మనం దాన్ని తప్పు చేసినవాడి మీద వేలెత్తి అంటాం. వీళ్ళు ఎక్కువగా తమ ఎంపికకు తామే బాధ్యులమని చెప్పుకోవడానికి అంటారు. ఉప్పు ఒకటే, దాహం ఒకటే, వేలు చూపే దిక్కు వేరు.

వాడుకలో సామెతకు ముందూ వెనకా ఏదో ఒకటి తగిలిస్తే సహజంగా ఉంటుంది. ముందు "వయ్ యవ్" పెడితే "ఇక మిగిలింది ఇదొక్కటే" అన్న అర్థం వస్తుంది. వార్తాపత్రికల్లో కూడా ఈ జంట తరచు కనిపిస్తుంది. "మోవ్ కయ్" అంటే "ఉపాయం లేదు", అది మాటల్లో. చివర "లో" అని ఒకటో స్వరంలో సాగదీస్తే మన "ఇంకేం చేస్తాం" లోని ఒప్పుకోలు పలుకుతుంది. "లా" చేరిస్తే ఎదుటివాడిని లేవదీసినట్టు. మీ పక్క కుర్చీ ఆవిడ ఏది అన్నదో గుర్తు తెచ్చుకోండి. లో అయితే తన గురించీ మీ గురించీ కలిపి అన్నట్టే. మళ్ళీ అన్నప్పుడు మీరు "హయ్ లో" అంటే చాలు, "అంతే కదా మరి" అన్నట్టు. దానికి మించి ఏమీ అక్కరలేదు.

తేలిక సందర్భాల్లోనూ బాగుంటుంది. మెట్రో ఆగిపోయి అందరూ రోడ్డెక్కి నడుస్తుంటే ఎవరో ఒకరు ఈ సామెత అనకుండా ఉండరు. హ్యాపీ వ్యాలీ అని మనం పిలిచే చోటును కాంటనీస్‌లో "గుర్రాలు పరుగెత్తే నేల" అంటారు, 1846 నుంచి అక్కడ పందేలు నడుస్తున్నాయి. బుధవారం రాత్రి జేబు ఖాళీ చేసుకుని ట్రామ్ ఎక్కుతూ ఈ మాట అని నవ్వుకున్నవాళ్ళను నేను చూశాను. బరువైన సందర్భాల్లోనూ ఇదే మాట. 2020 నుంచి 2022 మధ్య విడతలు విడతలుగా, సాయంత్రం ఆరు దాటితే హోటళ్ళలో కూర్చుని తినడం నిషేధించారు. మా వీధి చివర ఉన్న చిన్న హోటలాయన బల్లలన్నీ గోడకు చేర్చి, గుమ్మంలో నిలబడి అన్నం పొట్లాలు అమ్మాడు. ఎలా ఉందని అడిగితే ఈ ఐదు మాటలే అన్నాడు.

అనకూడని చోట్లు కూడా చెప్పాలి. ఇందులో సెయ్ ఉంది, చావు. నాలుగు అంకెకూ అదే పలుకు, స్వరం ఒక్కటే వేరు. అందుకే చాలా భవనాల్లో 4, 14, 24 అంతస్తులు ఉండవు. చైనీయుల కొత్త సంవత్సరం రోజుల్లో, ఆసుపత్రిలో, పెళ్ళిలో ఈ సామెత ఎత్తితే పెద్దవాళ్ళు వెంటనే "తాయ్ కత్ లెయ్ సీ" అంటారు, అశుభం పోయి శుభం కలగాలని. ఉమ్మేసి మళ్ళీ మంచి మాట అనమంటారు కూడా. తథాస్తు దేవతలుంటారని మన అమ్మమ్మలు నోరు నొక్కేవారు కదా, అలాగే. ఇంట్లో మనిషి పోయినవాళ్ళ దగ్గర అసలే వద్దు. పోయినవాడిని గుర్రంతో పోల్చినట్టవుతుంది. భర్త పోయాక దుకాణం తెరిచిన ఒకావిడ తన గురించి తానే ఈ మాట అనడం విన్నాను, అది ఆవిడ హక్కు.

ఇంకొకటి నా సొంత అభిప్రాయం. గుర్రాన్ని చంపినవాడు ఈ మాట అనకూడదు. నేను మునుపు పనిచేసిన ఒక చోట, సగం మందిని తీసేస్తూ యజమాని మీటింగులో ఇదే సామెత చెప్పాడు. ఎవరూ నవ్వలేదు. కలిసి నడిచేవాడో, ముందే నడిచినవాడో అంటేనే ఇది ఓదార్పు.

మీ కార్డు సంగతి కూడా ఇదే. మీ ఉద్యోగం ఉంది, ఆయనది పోయింది. మీరు గుర్రం మీదే ఉండి "దిగి నడు" అని రాసి ఇచ్చినట్టుంటుంది. పైగా కార్డు మీద చావు అనే అక్షరం. ఆయనే మీతో టీ తాగుతూ ఆ మాట అంటే మీరు "హయ్ లో" అనవచ్చు, అంతవరకే. కార్డు మీద "ఛిన్ ఛిఙ్ ఛీ కమ్" రాయించండి, ముందుదారి జరీపట్టులా ఉండాలని. వెళ్ళిపోయేవాళ్ళకు అందరూ రాసేదే, కొత్తదనం ఏమీ లేదు, కానీ ఎవరి మనసూ నొచ్చుకోదు. అక్షరాలు మీరు గీయకుండా ఆ పక్క కుర్చీ ఆవిడ చేత రాయించి, కింద మీ పేరు తెలుగులో సంతకం చేయండి. నల్ల సిరానో, నీలం సిరానో వాడండి. ఎర్ర సిరాతో పేరు రాయడం ఇక్కడ అశుభం.